తెలిసీ ఎందుకు చేస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

కాలేజీల్లో రోడ్డు భద్రత మీద, బెట్టింగ్ యాప్‌ల మీద అవగాహన సదస్సులు పెడుతున్నారు, మంచిదే. కానీ గుంటూరులో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పేవాడిగా ఒక మాట చెప్పాలి, మా పిల్లలకు తెలియక కాదు. హెల్మెట్ లేకుండా ముగ్గురెక్కి విజయవాడ హైవే మీద బండి తోలితే ఏమవుతుందో, విడిగా కూర్చోబెట్టి అడిగితే ఆ కుర్రాడే చక్కగా చెప్తాడు. వెనకాల కూర్చున్నవాడు "ఏరా, భయమా?" అన్నాడంటే తెలిసిందంతా గాలికి పోతుంది.

2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టులు 13-16, 18-22, 24 దాటిన వయసులవాళ్లతో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి చూశారు, కొందరిని ఒంటరిగా, కొందరిని తోటివాళ్ల ఎదుట. తోటివాళ్లుంటే మొత్తం మీద రిస్క్ పెరిగింది, అది పెద్దవాళ్లలో కన్నా కుర్రవయసు వాళ్లలో బాగా ఎక్కువ.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ బండి తోలినవాడే క్లాసులో లేచి డౌట్ అడగడానికి వణికిపోతాడు. రెండు సబ్జెక్టులు పోయాయని నాన్నకి చెప్పలేక, రీవాల్యుయేషన్‌కి పెట్టాను, ఇంకా రాలేదు అంటూ నెలల తరబడి నెట్టుకొస్తాడు. పరీక్ష ఫీజు డబ్బులు ఐపీఎల్ బెట్టింగ్‌లో పోతే, ఇంట్లో నోరు విప్పడం కన్నా లోన్ యాప్‌లో అప్పు చేయడమే తేలికనిపిస్తుంది వాడికి. ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి లేని భయం పరువు దగ్గర ఉంది. ఏంట్రా టెన్షనా అంటే "ఏం లేదు సార్" అంటాడు, లోపలున్నది సిగ్గో భయమో కోపమో వాడికే తెలియదు.

1990లో సలోవే, మేయర్ అనే సైకాలజిస్టులు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని రాసింది దీని గురించే: తన మనసులో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గుర్తుపట్టి దాన్నిబట్టి ఆలోచించి నడుచుకోవడం. మనం దాన్ని ప్లేస్‌మెంట్ల ముందు చెప్పే సాఫ్ట్ స్కిల్స్ క్లాసుగా మార్చేశాం.

మెంటర్ అని పేరుకి ఒక లెక్చరర్‌ని వేస్తారు, అటెండెన్స్ తగ్గితే ఇంటికి ఫోన్ చేయడమే ఆయన పని. ఆయనకి వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్‌లోనే ఇవ్వండి, పిల్లలు అక్కడ చెప్పింది ప్రాణాపాయం ఉంటే తప్ప బయటికి పోకూడదు. తల్లిదండ్రులకూ ఒక విన్నపం. ఫెయిలయ్యానని పిల్లాడు ఫోన్ చేసిన రోజు ముందు అన్నం తిన్నావా అని అడగండి, తిట్టాలనుకుంటే మర్నాడు తిట్టొచ్చు. ఇక ఎవరికీ చెప్పుకోలేని పిల్లల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఉచితం, 24 గంటలూ పలుకుతుంది. దాన్ని హాల్‌టికెట్ మీద అచ్చేయడం యూనివర్సిటీలకు పెద్ద ఖర్చు కాదు, వచ్చే సెమిస్టర్ నుంచే మొదలుపెట్టండి.

- ఒక అధ్యాపకుడు, గుంటూరు