సంతకం పెట్టిన ముప్ఫై ఒక్క ఇళ్లకి, మా ఇంటి నమస్కారాలు

నిన్న రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. సంక్రాంతి తర్వాత ఆవిడ రాత్రిపూట వరండాలోకి రావడం ఇదే మొదటిసారి. పదిన్నర దాకా ఎదురింటి పిన్నిగారితో గోడ మీంచి కబుర్లు చెప్పి, లోపలికొచ్చి పడుకున్నారు. మళ్లీ పొద్దున్న అయిదుకే లేచారు. మధ్యలో ఒక్కసారి కూడా ఉలిక్కిపడి లేవలేదు. పార్కులో రాత్రిపూట గోల ఆపించమని పోలీసులకిచ్చిన కాగితం మీద సంతకాలు పెట్టిన మీ అందరికీ ఈ మాట చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. కాలనీ పేరు రాయను. ఇందులో ఉన్న పిల్లలకి ఇంకా చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు ఉన్నాయి. మా ఇల్లు పార్కు గోడకి ఆనుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట ఈ ఇల్లు కొన్నప్పుడు, పార్కు పక్కన దొరికింది, అదృష్టం అనుకున్నాం.

సంక్రాంతి వెళ్లిన వారం నుంచీ పార్కులో రాత్రి పదకొండుకి మొదలయ్యేది. ఆరుగురో ఏడుగురో కుర్రాళ్లు. ఒక పెద్ద బ్లూటూత్ స్పీకర్, సీసాలు, సైలెన్సర్లు మార్చిన మూడు బళ్లు. ఆ బళ్లని పార్కు చుట్టూ తిప్పేవారు. ఆ చప్పుడు వినని వాళ్లకి చెప్పినా అర్థం కాదు, తుపాకీ పేలినట్టే ఉంటుంది. ఫిబ్రవరిలోనే మా అత్తగారికి గుండెకి స్టెంట్ వేశారు. ఒక్కో పేలుడుకీ ఆవిడ మంచం మీద లేచి కూర్చుని గుండె మీద చెయ్యేసుకునేవారు. నేను పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకునేదాన్ని. మా అబ్బాయికి ఇంటర్ పరీక్షలు. వాడు వంటగదిలో తలుపేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని చదివాడు.

తర్వాత విరగ్గొట్టడం మొదలైంది. ముందు వీధి దీపాలు. హుద్‌హుద్ తుపాను తర్వాత ఊరంతా వేసిన తెల్ల దీపాల్లో మా వీధిలో మూడింటిని రాళ్లతో పగలగొట్టారు. ఓ రాత్రి పార్కు కుళాయి విరిచేస్తే తెల్లారేదాకా నీళ్లు పోయాయి. ఉయ్యాల గొలుసులు తెంపారు. మూడో ఇంటి వాళ్ల కారు అద్దం పగిలింది.

నేను 112కి ఫోన్ చేశాను. పోలీసు బండి వచ్చింది, కుర్రాళ్లు వెళ్లిపోయారు, ఇరవై నిమిషాలకి తిరిగొచ్చారు. బండిలో వచ్చిన పోలీసులు మా గేటు ముందే ఆగి, "ఫోన్ చేసింది మీరేనామ్మా?" అని గట్టిగా అడిగారు. వాళ్ల తప్పని అనను, అడగాలి కాబట్టి అడిగారు. కానీ పార్కులోంచి అది అందరికీ వినపడింది. మర్నాడు పొద్దున్న నా స్కూటీ సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా బ్లేడుతో కోసేసి ఉంది. ఆ తర్వాత ఒకచోటికి వెళ్లి కాగితం ఇవ్వబోతే, "కాలనీ పిల్లలే కదమ్మా, మీలో మీరు చెప్పుకోండి" అని పంపేశారు. అక్కడితో నేను ఫోన్ చేయడం మానేశాను. రెండు నెలలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఈసారి సీటు కాదు, ఇంకేదో అవుతుందని భయం. ఆ భయం ఎలా ఉంటుందంటే, పగలు కూడా పార్కు వైపు కిటికీ తెరవబుద్ధి కాదు.

మార్చింది ఒక బెంచీ.

మా కాలనీలో ఒక మాస్టారు ఉన్నారు. ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. వాళ్లావిడ పోయిన ఏడాదికి, ఆవిడ పేరు చెక్కించి పార్కులో వేప చెట్టు కింద సిమెంటు బెంచీ వేయించారు. రోజూ సాయంత్రం అయిదున్నరకి వచ్చి దాని మీదే కూర్చుంటారు. ఏప్రిల్‌లో ఒక పొద్దున్న చూస్తే ఆ బెంచీ రెండు ముక్కలు. పేరున్న పలక ఇంకా చిన్న ముక్కలు. మాస్టారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. సంచీ తెచ్చుకుని, కింద కూర్చుని, అక్షరాలున్న ముక్కలు ఒక్కొక్కటే ఏరుకున్నారు. గోడ ఇవతల నుంచి చూస్తున్న నాకు కాళ్లు నిలవలేదు. వెళ్లి ఆయన పక్కన కూర్చుని నేనూ ఏరాను. అప్పుడు నా స్కూటీ సంగతి, ఫోన్ సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆయన అంతా విని అన్న మాట ఇది: "అమ్మా, ఒక్కరి పేరుతో కాగితం వెళితే ఆ ఒక్కరి మీద పగ పడతారు. కాలనీ అంతా పేరు పెడితే ఎవరి మీద పడతారు?"

మాస్టారూ, మీకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే. మీ దుఃఖం మీకుండగా నా భయం మీరు మోశారు.

ఆయన ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నారు. పన్నెండు రాత్రులు తేదీ, టైము, ఏం జరిగింది, ఎంతసేపు, ఏ బండి అని రాశారు. ఎవరి మీదా ఊహలు లేవు, తిట్లు లేవు, చూసింది మాత్రమే రాశారు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ కూడా పెట్టారు. అది కోర్టుకి సాక్ష్యం కాదని ఆయనే చెప్పారు, అంచనా కోసం అంతే. మా వరండాలో రాత్రి పన్నెండుకి డెబ్భై డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) దాటి చూపించింది. 2000 సంవత్సరంలో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదట. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. 45కీ 70కీ తేడా పాతికే కదా అని నేనంటే, ఆయన పాఠం చెప్పినట్టు చెప్పారు: ప్రతి పది డెసిబెల్స్‌కీ తీవ్రత పదింతలు అవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు. మా అత్తగారి గుండె ఆ లెక్క ముందే చెప్పింది.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాం. మొదటి రోజు నాలుగే వచ్చాయి. "మా కిటికీ అటువైపు లేదండి" అన్న వాళ్లున్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ రెండు నెలలు నోరు మూసుకున్నదాన్నే. ఎదురింటి పిన్నిగారు మా ఇద్దరితో బయలుదేరాక లెక్క మారింది. ఆవిడ ఒక్కో గుమ్మంలో నిలబడి, "నీ మనవడు ఉయ్యాల ఊగేది ఆ పార్కులోనే కదే" అని అడిగేవారు. మూడో రోజుకి ముప్ఫై ఒక్క ఇళ్లు. అందులో మూడు, ఆ కుర్రాళ్లలో ముగ్గురి ఇళ్లే. తమ పిల్లలని అప్పటికి వాళ్లకి తెలియదు. తెలిశాక కూడా ఒక్కరు సంతకం కొట్టేయమని అడగలేదు. ఆ ముగ్గురు తల్లిదండ్రులకి నేను చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

ఇప్పుడు ఇస్త్రీ బండి మావయ్య గురించి చెప్పాలి. ఆయన రాత్రి బండి పక్కనే మడత మంచం వేసుకుని పడుకుంటాడు. అన్నీ కళ్లారా చూసింది ఆయనే. అందరికంటే ఎక్కువ భయపడాల్సిందీ ఆయనే, బండి తగలబెడితే మర్నాటి నుంచి కూడు లేదు. చదువు రాదు, కానీ అంకెలు గుర్తుపడతాడు. ఏ చొక్కా ఏ ఇంటిదో యాభై ఇళ్ల నంబర్లు గుర్తుంటాయి ఆయనకి. మూడు బళ్ల నంబర్లూ తడుముకోకుండా చెప్పాడు. మాస్టారి నోటుబుక్కులో చీకట్లో సగం సగం రాసుకున్న నంబర్లతో అవి సరిపోయాయి. "నా పేరు కూడా రాయండి, వేలిముద్ర వేస్తాను" అన్నాడు. ముప్ఫై ఒక్క సంతకాల కింద ఆ వేలిముద్ర ఉంది. మావయ్యా, ఆ కాగితానికి బలం నీ బొటనవేలే.

ఇక పోలీసు వారికి. మేమిచ్చిన కాగితం ఎస్సైగారు నిలబెట్టకుండా, కూర్చోబెట్టి చదివారు. రసీదు ఇచ్చారు. నోటుబుక్కులో మూడు పేజీలు ఫోటో తీసుకున్నారు. ఆ వారమే రాత్రి బీటుకి ఒక కానిస్టేబుల్ బాబు వచ్చాడు. వచ్చే ముందు నాకు ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "అమ్మా, బండి ఎక్కడ ఆపితే మీకు ఇబ్బంది ఉండదు?" ఆ మాటకి నాకు కళ్లనీళ్లొచ్చాయి. అతను ఎప్పుడూ మా గేటు దగ్గర ఆగలేదు. పార్కు అవతలి మలుపులో బండి ఆపి నడిచి వచ్చేవాడు, రోజుకో టైముకి. నాలుగో రాత్రి అందరూ అక్కడే దొరికారు.

ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇది నేను గట్టిగా చెప్పాలి. మాలో కొందరు నాలుగు తగిలించమన్నారు, నేనూ మనసులో అలాగే కోరుకున్నాను. ఎస్సైగారు మర్నాడు తల్లిదండ్రులని పిలిపించారు. ఇద్దరికి పద్దెనిమిది నిండలేదు, వాళ్లని వేరే గదిలో, అమ్మానాన్నల పక్కనే కూర్చోబెట్టి మాట్లాడారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత బండి యజమానికి, తండ్రికి పాతిక వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చని చెబితే ఒక తండ్రికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మార్చిన సైలెన్సర్లు అక్కడే ఊడదీయించి కంపెనీవి వేయించారు, చలానాలు రాశారు. ఆస్తి పగలగొట్టడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కిందికి వస్తుందని, మాస్టారు కేసు పెడితే పెట్టొచ్చని కూడా చెప్పారు.

మాస్టారు కేసు వద్దన్నారు. "బెంచీ వాళ్ల చేత్తోనే కట్టించండి" అన్నారు. నాకు మొదట నచ్చలేదు, నిజం చెబుతున్నాను. కానీ పోయిన వారం ఆ ఆరుగురూ సిమెంటు బస్తా, ఇసుక, కంకర మోసుకొచ్చి, తాపీమేస్త్రి చెప్పినట్టు కలిపి పోశారు. అందులో ఒక కుర్రాడి తల్లి మా ఇంటికొచ్చి స్కూటీ సీటు డబ్బులు చేతిలో పెట్టి ఏడ్చింది. మొగుడు ఊళ్లో లేడు, ఆవిడ నైట్ డ్యూటీలు చేస్తుంది. రాత్రి కొడుకు ఇంట్లో ఉన్నాడనే అనుకుందట. సగం డబ్బులు తీసుకుని సగం వెనక్కిచ్చాను. ఇద్దరం కలిసి టీ తాగాం.

వార్డు సచివాలయం నుంచి వచ్చిన మహిళా పోలీసు అమ్మాయి రెండు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది, ఆమెకి కృతజ్ఞతలు. దీపాలు మళ్లీ వేసి, చుట్టూ వల బిగించిన కార్పొరేషన్ లైన్‌మ్యాన్ తమ్ముడికీ. చిన్న పనని ఎవరైనా అనుకుంటారేమో, ఆ వెలుగు పడ్డాకే పిల్లలు మళ్లీ ఏడింటి దాకా ఆడుతున్నారు.

మనవైపు నుంచి ఒక మాట కూడా అనుకున్నాం. వినాయక చవితికి మన పందిట్లో కూడా మైకు పన్నెండు దాకా మోగేది. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు అనుమతివ్వొచ్చని నియమాల్లోనే ఉంది. అయినా ఈ ఏడాది పదికే ఆపుదామని కమిటీ వాళ్లు ఒప్పుకున్నారు. మా అత్తగారి పేరు చెప్పి ఒప్పుకున్నారు. ఆవిడకి ఆ సంగతి తెలిసి, "భజన మాత్రం మైకు లేకుండా చేసుకోండర్రా, నేనూ వస్తాను" అన్నారు.

మెయిన్ రోడ్డు మీద బళ్ల చప్పుడు ఇంకా ఉంది. పార్కు వెనక ఖాళీ జాగాలో సీసాలు ఇంకా కనపడుతున్నాయి. మాస్టారి నోటుబుక్కు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది, అవసరమైన వాళ్లు ఎవరైనా వచ్చి రాయొచ్చు.

బెంచీ ఇంకా తడుపుతున్నారు. పలక మీద పేరు చెక్కడానికి శిల్పి ఆదివారం వస్తున్నాడు. సాయంత్రం అయిదున్నరకి, మాస్టారు వచ్చే టైముకే, అందరూ వేప చెట్టు దగ్గరికి రండి. ఇస్త్రీ మావయ్యా, ఆ పూట బండి మూసేసి నువ్వూ రావాలి. పులిహోర, టీ మా ఇంటి నుంచి.