ఆదివారం వచ్చేలోగా ఇంపోర్ట్ ఎర్రర్లు చూసుకోండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున 10కి, అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మన రూమ్‌లోనే కలుస్తున్నాం. పైప్‌డ్రీమ్ (యాప్‌లను కలిపి పనులు వాటంతటవే జరిగేలా చేసే ఆన్‌లైన్ సర్వీస్) వర్క్‌ఫ్లోలో చాలామంది ప్యాకేజీ ఇంపోర్ట్ (వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్ తెచ్చుకోవడం) దగ్గరే ఆగిపోయారు. కాబట్టి ముందే ఇవి చూసి రండి.

‘రిక్వైర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అని వస్తోందా? ప్యాకేజీ తెచ్చుకునే రెండు పద్ధతులు, ఇంపోర్ట్, రిక్వైర్, ఒకే స్టెప్‌లో (వర్క్‌ఫ్లోలోని ఒక కోడ్ భాగంలో) కలిపి రాసినట్టే. రిక్వైర్ లైన్లన్నీ ఇంపోర్ట్‌గా మార్చండి. ఒక్కటి మిగిలినా స్టెప్ నడవదు.

‘డజ్ నాట్ ప్రొవైడ్ యాన్ ఎక్స్‌పోర్ట్ నేమ్డ్’ అంటే చాలాసార్లు అది పాత కామన్‌జేఎస్ (రిక్వైర్ వాడే పాత జావాస్క్రిప్ట్ పద్ధతి) ప్యాకేజీ. కర్లీ బ్రాకెట్లలో పేరు రాసి తెచ్చుకుంటే దొరకదు. ప్యాకేజీ మొత్తాన్ని ఒక పేరుతో తెచ్చుకుని, కింది లైన్‌లో కావాల్సిన ఫంక్షన్ విడదీసుకోండి. పేరు స్పెల్లింగ్ కూడా ఒకసారి చూడండి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా ఇదే ఎర్రర్.

నిన్న నడిచింది ఇవాళ పడిపోయిందా? అయితే ముందు వెర్షన్ మీదే అనుమానపడండి. నంబర్ ఇవ్వకపోతే డిప్లాయ్ చేసినప్పుడు (వర్క్‌ఫ్లోను నడవడానికి పెట్టినప్పుడు) కొత్త వెర్షన్ దిగుతుంది. కోట్స్ లోపలే ప్యాకేజీ పేరు తర్వాత ఎట్ గుర్తు పెట్టి నంబర్ రాయండి. ఇది అందరూ అలవాటు చేసుకోవాలని నా కోరిక. ఉదాహరణకి నోడ్-ఫెచ్ అనే ప్యాకేజీలో వెర్షన్ 2 కామన్‌జేఎస్, 3 పూర్తిగా ఈఎస్ మాడ్యూల్ (ఇంపోర్ట్ వాడే కొత్త పద్ధతి). ఆ ఒక్క అంకెతో కోడ్ రాసే తీరే మారిపోతుంది.

ఇంకోటి, వర్క్‌ఫ్లో నుంచి ఫైళ్లు రాసేది టీఎంపీ (/tmp) ఫోల్డర్‌లో మాత్రమే.

శనివారం రాత్రి 8 లోపు ఎర్రర్ మొత్తం, ఇంపోర్ట్ లైన్, వెర్షన్ ఇక్కడే పేస్ట్ చేయండి. స్క్రీన్‌షాట్ వద్దు, అందులోంచి కోడ్ కాపీ చేయలేం. ఏపీఐ కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్) తీసేశాకే పంపండి అన్నా, అక్కా, మరవద్దు! ఛార్జర్ తెచ్చుకోండి.