కౌన్సెలర్ కుర్చీలో లెక్చరర్‌నే కూర్చోబెడితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని అందులో ఉంది. మన రెండు రాష్ట్రాల జూనియర్ కాలేజీల్లో దీన్ని ఎలా అమలు చేస్తారన్నదే భయం. బయాలజీ లెక్చరర్‌కో వార్డెన్‌కో రెండు రోజుల శిక్షణ ఇప్పించి తలుపు మీద బోర్డు తగిలిస్తే తనిఖీకి సరిపోతుంది. పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో 9వ తరగతి పిల్లలతో ‘సెహర్’ అధ్యయనం జరిగింది. బడి అసెంబ్లీలో చర్చ, గోడ పత్రిక, మనసులో మాట రాసి వేసే పెట్టె, అవసరమైనవారికి విడిగా కౌన్సెలింగ్: ఇదీ కార్యక్రమం. కొన్ని బళ్లలో దీన్ని ఈ పనికే నియమించి, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు నడిపారు. కొన్నింటిలో టీచర్లే నడిపారు. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. ప్రత్యేకంగా మనిషిని పెట్టిన బళ్లలో కుంగుబాటు లక్షణాలు, వేధింపులు, హింస తగ్గాయి. టీచర్లకు అప్పగించిన చోట తేడా రాలేదు. ఇందులో టీచర్లను తప్పుపట్టేదేమీ లేదు. సిలబస్ పూర్తి చేయాల్సిన మనిషికి తీరిక ఎక్కడిది? పైగా మార్కులు వేసి, ఇంటికి ఫోన్ చేసే మనిషి ముందు ఏ పిల్ల నోరు విప్పుతుంది?

ఖర్చు భరించలేమనడానికీ వీల్లేదు. క్లినికల్ సైకాలజిస్టు డేనియల్ మిచెల్సన్ బృందం ఢిల్లీ ప్రభుత్వ బళ్లలో మూడు వారాల వ్యవధిలో నాలుగైదు కౌన్సెలింగ్‌లతో సరిపెట్టింది. సమస్య ఏదో తేల్చుకోవడం, దారులు వెతకడం, ఒకటి ఎంచుకుని చేసి చూడడం, అంతే. ఇక్కడా కౌన్సెలర్లుగా కూర్చున్నది నిపుణులు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులే. ఉత్త పుస్తకాలు అందుకున్నవారికంటే వీరితో మాట్లాడిన పిల్లలకు తాము చెప్పుకున్న సమస్యల బరువు ఎక్కువగా తగ్గింది.

కాబట్టి ఇంటర్ బోర్డు నియామక పత్రం చూసి వెళ్లిపోకూడదు. ఆ మనిషికి పాఠాలు, క్రమశిక్షణ, అడ్మిషన్ల పని అంటగట్టారా? మాట బయటికి వినపడని గది ఉందా? టైంటేబుల్‌లో పిల్లలకు వేళ ఇచ్చారా? వారానికోసారి కేసులు చర్చించడానికి పైన సైకాలజిస్టు ఉన్నారా? మనసులో మాట రాసి వేసే పెట్టెను సీసీ కెమెరా ఎదుట పెడితే అందులో ఒక్క చీటీ పడదు.

ఏది గోప్యంగా ఉంచుతారో, ఏది ఉంచలేరో మొదటి రోజే పిల్లలకు చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయానికి ఆధారం లేదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఇంటివాళ్లను పిలిపించి, ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడల మీద రాయిస్తున్నారు, మంచిదే. కానీ సెల్‌ఫోన్ అనుమతి లేని హాస్టల్లో ఆ నంబరుకు దేంతో ఫోన్ చేయాలి? వార్డెన్ గదికి దూరంగా, పిల్లలు ఎవరినీ అడగక్కర్లేకుండా వాడుకునే ఫోన్ ఒకటి ప్రతి హాస్టల్లోనూ పెట్టించాలి.

— ఒక సైకాలజీ లెక్చరర్, గుంటూరు