మూడంగుళాల పైపు విషయంలో మా పొరపాటు

బాలానగర్‌లోని మా షెడ్డుకు బండ్లు తెచ్చే వారందరికీ నమస్కారం. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రం) ఉన్న కార్లకు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మార్చినప్పుడల్లా, గాలి సాగే దారికి అడిగిన వారికీ అడగని వారికీ మూడంగుళాల అల్యూమినియం పైపులే వేస్తూ వచ్చాము. 250 హార్స్‌పవర్ దాటని బండ్లకు అది తగిన కొలత కాదని నిర్ధారించుకున్నాము కనుక, ఈ నెల నుంచి ఆ పద్ధతి మానేస్తున్నాము.

మా కళ్లు తెరిపించింది 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్ ఒకటి. ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే లాగుతోంది కానీ, అమీర్‌పేట సిగ్నల్ దాటాక రెండో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే మునుపటి కంటే ఆలస్యంగా అందుకుంటోందని యజమాని చెప్పారు. టర్బో విప్పి చూశాము, లోపమేమీ కనిపించలేదు. చివరకు టేపు పట్టి పైపు కొలిచాము. రెండు మీటర్ల పొడవున రెండంగుళాల పైపులో సుమారు 3.6 లీటర్ల గాలి పడితే, మేము వేసిన దానిలో 8.4 లీటర్లు పడుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు టర్బో పంపే గాలే తక్కువ, ఆ కాస్తతోనే అంత చోటులోనూ ఒత్తిడి పెరగాలి.

సన్న పైపు వేస్తే ఇంజన్‌కు ఊపిరాడదన్న భయం మాకూ ఉండేది. అయితే 200 హార్స్‌పవర్ ఇంజన్ నిమిషానికి దాదాపు 9 కిలోల గాలి తీసుకుంటుందనుకుంటే, ఒక బార్ బూస్ట్‌లో (అంటే టర్బో దాదాపు వాతావరణ పీడనమంత ఒత్తిడిని అదనంగా పెంచినప్పుడు) 50 డిగ్రీలకు చల్లబడిన ఆ గాలి, లోపలి వ్యాసం 48 మిల్లీమీటర్లున్న పైపులో సెకనుకు 40 మీటర్ల లోపు వేగంతోనే సాగుతుంది. అది ధ్వని వేగంలో సుమారు తొమ్మిదో వంతు. పదింట నాలుగు వంతులు మించకూడదన్నది ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క. నిజంగా గాలిని అడ్డగించేవి నొక్కుకుపోయిన వంపులు, ఒక్కసారిగా మారే కొలతలు, లోపలికి కారిన వెల్డింగు.

పైగా, ఒక బార్ ఒత్తిడి మూడంగుళాల పైపు మూతిని దాదాపు 46 కిలోల బలంతో తోస్తుంది, రెండంగుళాల దానిని 20 కిలోలతోనే. పైపులను కలిపే సిలికాన్ గొట్టం ఊడి మా షెడ్డుకు తిరిగి వచ్చిన రెండు బండ్లూ మూడంగుళాలవే. వాటి పైపు అంచున గొట్టం జారకుండా ఆపే గట్టు తీయకుండా నునుపుగా వదిలేయడం కూడా మా తప్పే.

ఇకపై టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా రెండంగుళాలు, అక్కడి నుంచి థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) దాకా దాని మూతి కొలతను బట్టి రెండుంపావు లేదా రెండున్నర వేస్తాము. మూడంగుళాలు 400 హార్స్‌పవర్ దాటే బండ్లకే.

పాత పైపుతో ఇబ్బంది పడుతున్న వారు బండి తీసుకురండి. కూలి తీసుకోము, పైపు ఖరీదు కూడా భరించే స్తోమత మాకు లేదు కనుక అది మాత్రం మీరు ఇవ్వవలసి ఉంటుంది. బండి నడక మీకు నచ్చి ఉంటే మార్చనవసరం లేదు, కానీ క్లాంపులు, అంచు గట్టు ఒకసారి చూపించుకోండి. రోజుకు రెండు బండ్లే చేయగలము, ముందుగా ఫోన్ చేసి రండి.