అమ్మ పుస్తకం ఆర్డర్లు: పెద్దకర్మకు చిన్నది, సంవత్సరీకానికి పెద్దది

అమ్మ పోయిన పది రోజుల్లోపు స్మృతి సంచిక కావాలని అడిగేవారికి ఇకమీదట మా ప్రెస్సులో ఇచ్చేది 16 పేజీల చిన్న పుస్తకం. డెమీ సైజు (5.5 అంగుళాల వెడల్పు), ఒక్క ఫారం (16 పేజీలు పట్టే అచ్చు కాగితం), మధ్యలో పిన్ను. అమ్మ చేతిపని అంతా ఉండే పెద్ద పుస్తకం సంవత్సరీకానికే ఇస్తాం. తొందరపెట్టినా, డబ్బు ఎక్కువిస్తామన్నా ఈ పద్ధతి మారదు.

ఎందుకంటే ఆ పది రోజుల్లో బీరువా తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు. వచ్చే మేటరు ఏ ఇంటి నుంచి వచ్చినా ఒకేలా ఉంటుంది. ప్రేమమూర్తి, త్యాగమయి, అన్నపూర్ణ. పేరు మారిస్తే ఎవరి అమ్మకైనా సరిపోతుంది. ఎనభై, తొంభై ఏళ్లు బతికి, పిల్లల్ని పెంచుతూనే ముగ్గులు గీసి, పాటలు రాసుకుని, లేసులు అల్లి, ఊరగాయల కొలతలు రాసిపెట్టిన మనిషిని అలా మూడు మాటల్లో చుట్టేయడం మాకు నచ్చడం లేదు. ఆమె చేసినవి ఇంట్లోనే ఉన్నాయి. వాటిని చెడిపోకుండా బయటికి తీయడానికి నెలలు పడుతుంది.

ముగ్గుల నోటుపుస్తకం ఉంటే ముందు అదే పంపండి. పేజీ మూల "15–8 సందు" అని రాసి ఉంటుంది. మధ్య వరసలో 15 చుక్కలు, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా, ఒక వరస చుక్కలు పక్క వరస సందుల్లో పడాలని దాని అర్థం. మొత్తం 15 వరసలు, 169 చుక్కలు. రూళ్ల కాగితం మీద గీత గీతకూ చుక్కలు పెడితే అడ్డం దూరం, నిలువు దూరం సమానంగా రావు. అందుకే ముగ్గు కాస్త నొక్కినట్టుంటుంది. దాన్ని కంప్యూటర్లో సాగదీయం. ఎడమ పేజీలో అమ్మ గీసింది ఉన్నదున్నట్టు వేస్తాం. కుడి పేజీలో చుక్కలు లెక్కపెట్టి మళ్లీ గీసింది వేస్తాం, మనవరాళ్లు చూసి వాకిట్లో పెట్టుకోవడానికి. మెలికల ముగ్గులో ఒక్క చుక్క తగ్గినా గీత మొదలైన చోటికి వచ్చి కలవకపోవచ్చు. అలా కలవనప్పుడు అమ్మ తప్పు గీసిందనుకోకండి. పేజీ అంచు చిరిగి అడుగు వరస పోయి ఉండొచ్చు, లేదా స్కాన్ చేసినవారు అంచు కత్తిరించి ఉండొచ్చు. నాలుగు అంచులూ కనబడేలా, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), కలర్‌లోనే స్కాన్ చేయండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పెన్సిలు గీతలు ఎగిరిపోతాయి.

పాటల పుస్తకాల్లో ఇంకో సంగతి. మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, తెలంగాణ ఇళ్ల నుంచి వచ్చే బతుకమ్మ పాటలు, అన్నీ ఆమె పలికినట్టే రాసి ఉంటాయి. ఒత్తులు, దీర్ఘాలు మేము దిద్దం. ఆ ఊరి యాస, ఆమె గొంతు ఆ అక్షరాల్లోనే ఉన్నాయి. అర్థం కాని మాటకు పేజీ అడుగున వివరం ఇస్తాం, అంతే. ఎవరిచేతైనా ముందే ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయించి ఉంటే ఆ ఫైలుతో పాటు చేతిరాత పేజీలూ పంపండి. ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు చదివే యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతుంటాయి, అసలు చూడకుండా సరిచేయలేం. సిరా పెన్నుతో రాసిన పేజీలను తడిగుడ్డతో తుడవకండి. నీలి సిరా నీళ్లు తగిలితే కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దులిపితే చాలు. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు పసుపుపచ్చగా కాగితంలోకి దిగుతుంది, లామినేషన్ వేశాక మళ్లీ ఊడదీయలేం.

ఆమె పాడిన కేసెట్ ఉంటే అటక మీది పాత టేప్‌రికార్డర్‌లో వేసి చూడకండి. టేపును లాగే రబ్బరు చక్రం (పించ్ రోలర్) జిగటగా మారి ఉంటే టేపును లోపలికి చుట్టేసుకుంటుంది. టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే తిప్పకుండా అలాగే పంపండి. టేపును హెడ్డుకు అదిమే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే పాట మూగగా వినిపిస్తుంది. ఊడిన ముక్క డబ్బాలో కనిపిస్తే పారేయకండి. కేసెట్ పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేస్తే పొరపాటున దాని మీద రికార్డు అవదు. అరవై నిమిషాల కేసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించడానికి అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరిదారి లేదు. పుస్తకంలో పాట పక్కన క్యూఆర్ కోడ్ వేస్తాం, ఆడియో ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం.

వంట పుస్తకాల్లో కొలతలు మార్చి వేయం, పక్కన లెక్క ఇస్తాం. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. వీశె అంటే 120 తులాలు, దాదాపు 1.4 కిలోలు. చిక్కు ఎక్కడంటే గిన్నెల్లో. ఇంట్లో సోల అని పిలిచే గిన్నె నిజంగా సోల పట్టాలని లేదు. ఆవకాయలో ఉప్పు లెక్క తప్పితే బూజు పడుతుంది. అమ్మ వాడిన గిన్నె ఇంకా ఉంటే అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాసి పంపండి. గిన్నె ఫొటో కూడా వేస్తాం.

లేసు అల్లికలను ఫొటో తీయడం కన్నా స్కానర్ మీద పరిచి, పైన నల్ల కాగితం వేసి, పక్కన స్కేలు పెట్టి స్కాన్ చేస్తే బాగుంటుంది. అప్పుడు ఒక్కో కన్ను లెక్కపెట్టుకుని మళ్లీ అల్లుకోవచ్చు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్పష్టత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. 3.5 సెంటీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్టు ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే డెమీ పేజీ నిండా, 5.5 అంగుళాలకు, మసక లేకుండా వస్తుంది. జిగురు ఆల్బమ్‌లో అంటుకుపోయినవాటిని లాగకండి, ఆల్బమ్ పేజీతోనే స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటో అయితే అద్దంతోనే. నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయమని అడుగుతున్నారు, మేము వేయం. అందులోని చీర ఏ రంగో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఊహించి వేస్తుంది. ఆకుపచ్చ గద్వాల అని ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఆ మాట ఫొటో కింద వేస్తాం.

తేదీలు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది వయసు చెప్పి రాయించుకున్నది కావచ్చు. పుట్టిన తెలుగు సంవత్సరం, మాసం ఎవరికైనా తెలుసేమో అడగండి. ప్రమాది 1939–40, విక్రమ 1940–41, చిత్రభాను 1942–43. ఏడాది ఉగాదితో మొదలవుతుంది కాబట్టి ప్రమాది మాఘంలో పుట్టినామె 1939లో కాదు, 1940 ఫిబ్రవరి, మార్చి మధ్య పుట్టినట్టు. పిల్లల పుట్టుకలు, ఇల్లు మారడాలు గుర్తుకు రావాలంటే ఏ సంవత్సరం అని అడగకండి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా తరవాతా, 1986 గోదావరి వరదలప్పుడు ఎక్కడున్నారు, 1991 గోదావరి పుష్కరాలకు చంకలో ఉన్నది ఎవరు అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది.

ఇక ధర. పెద్ద పుస్తకం 96 పేజీలు, అంటే 6 ఫారాలు, గట్టి అట్ట, కనీసం 50 కాపీలు. ఒక్కోటి ఇప్పుడు 450 రూపాయలు. ధర ఇదివరకటి కన్నా పెంచాం, ఆ పెరిగిన మొత్తం కుట్టు బైండింగుకే పోతుంది, అది చేతిపని. జిగురు బైండింగు చవక. కానీ నున్నటి ఆర్ట్ పేపరును జిగురు గట్టిగా పట్టదు, పదిసార్లు తెరిస్తే పేజీలు చేతికొస్తాయి. అమ్మ పుస్తకాన్ని పదిసార్లతో ఎవరూ ఆపరు. రాత పేజీలకు మెరుపు లేని మ్యాప్‌లితో, ఫొటోలకు చదరపు మీటరు 130 గ్రాములు తూగే (130 జీఎస్ఎం) ఆర్ట్ పేపర్ వాడతాం. కేసెట్ ఎక్కించడానికి 400, పుస్తకాల స్కానింగు పేజీకి 10 రూపాయలు విడిగా.

అమ్మ ఉండగానే పుస్తకం చేయించుకునేవారికి ముందు చోటిస్తాం. 1960ల నాటి పెళ్లి ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ ఆరుగురి పేర్లు ఆమె తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఫొటో వెనక పెన్నుతో రాయకండి, అచ్చు ముందుకు తేలుతుంది. జిరాక్స్ తీసి, తలల మీద నంబర్లు వేసి, ఆమె చెబుతుండగా పేర్లు రాసుకోండి.

ప్రూఫు ఇద్దరు చూసి సంతకం పెడితేనే అచ్చుకు పంపుతాం. ఆ ఇద్దరిలో ఒకరు అమ్మ పుట్టింటివైపు వారై ఉండాలి. పెళ్లికి ముందు ఇంటిపేరు, అక్కచెల్లెళ్ల పేర్లు, చదివిన బడి పేరు ఎక్కువగా తప్పు పడేది అక్కడే.