మిల్లర్స్ డేల్ స్టేషన్ చరిత్రను తప్పుగా చెప్పడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ మధ్య మా కుటుంబం మీ కంపెనీ ద్వారా ఇంగ్లండ్ టూర్‌కి వెళ్లొచ్చింది. హోటళ్లు, భోజనాల గురించి నాకే ఫిర్యాదూ లేదు. నా బాధంతా డెర్బీషైర్‌లోని మిల్లర్స్ డేల్ పాత రైల్వే స్టేషన్ గురించే. "రైల్వే చరిత్ర నడక" పేరుతో మా దగ్గర విడిగా డబ్బు కట్టించుకున్నారు. తీరా బస్సులో వేసిన తెలుగు ఆడియోలో "ఇదొక చిన్న హాల్ట్, ఎక్కేవాళ్లు లేక 1963లో మూసేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

అది హాల్ట్ కాదండీ, జంక్షన్. మిడ్‌లాండ్ రైల్వే 1863లో తెరిచింది. ఊరు చిన్నదే కానీ, మెయిన్ లైన్‌లో వచ్చి బక్స్‌టన్ వెళ్లాల్సినవాళ్లు ఇక్కడే దిగి బండి మారేవారు. అందుకే ఆ లోయలో ఏకంగా ఐదు ప్లాట్‌ఫారాలు! లైన్లు చాలక, వై నది మీద పాత వంతెనను ఆనుకునే 1905లో రెండోది కట్టారు. ఆ రెండు వంతెనలూ మా కళ్లెదుటే ఉన్నాయి, వాటి గురించి ఆడియోలో ఒక్క మాట లేదు.

1963 అనేది, నష్టాల్లో ఉన్న లైన్లు, స్టేషన్లు మూసేయమన్న బీచింగ్ నివేదిక వచ్చిన సంవత్సరం. స్టేషన్ మూసింది 1967 మార్చి 6న. ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా మాంచెస్టర్ బళ్లు అక్కడ ఆగకుండా వెళ్లిపోయేవి. 1968లో ఆ లైనే మూసేశారు. నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇది నాకు చిన్న తేడా కాదు. స్టేషన్‌కి తాళం పడ్డాక కూడా కళ్లముందే బండి పోతూ ఉంటే ఆ ఊరివాళ్లకి ఎలా ఉండి ఉంటుందో, మీ ఆడియో విన్నవాళ్లకి ఊహకైనా అందదు.

గైడ్‌ని అడిగితే "స్క్రిప్ట్‌లో ఉన్నదే చెప్పాం సార్" అన్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, స్క్రిప్ట్ రాయించింది మీరు. పైగా ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడేలోపే బస్సెక్కమని తొందరపెట్టారు. పట్టాలు తీసేసిన దారిని 1981 నుంచి మాన్సల్ ట్రైల్ పేరుతో నడకబాటగా వాడుతున్నారు, 2011లో సొరంగాలు కూడా తెరిచారు. నడక అని డబ్బు తీసుకున్నాక ఆ బాటలో ఓ గంటైనా నడవనివ్వాలి కదా!

కాబట్టి ఆ నడకకు తీసుకున్న రుసుము మా గ్రూపులో అందరికీ వాపసు ఇవ్వండి. తర్వాతి బ్యాచ్ బయల్దేరేలోపు ఆడియో సరిచేయండి. సరిచేసిన స్క్రిప్ట్ నాకు పంపితే చదివి చెబుతాను, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు. రెండు వారాల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ టూర్ ప్రయాణికుడు