గెలీలియో నెట్‌సెంటర్‌లో దొరకడు

ఎడిటర్ గారికి,

తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలికి బడిలో గెలీలియో మీద డిజిటల్ ప్రాజెక్టు ఇచ్చారు. నెట్‌సెంటర్ అబ్బాయి 120 రూపాయలు తీసుకుని పావుగంటలో 12 స్లైడ్లు చేసిచ్చాడు. పీసా గోపురం మీది నుంచి గుండ్లు జారవిడిచిన కథ అందులో రంగుల బొమ్మతో సహా ఉంది. అది ఆయన శిష్యుడు వివియానీ రాసిన కథ. నిజంగా జరిగిందా అని చరిత్రకారులకే అనుమానం.

కిందికి పోయే వస్తువు వేగం ఎలా పెరుగుతుందో చూడ్డానికి గెలీలియో చెక్కలో గాడి తీసి, ఏటవాలుగా పెట్టి, కంచు గుండును దొర్లించాడు. సన్నటి ధారగా పడ్డ నీళ్లను తూచి కాలం లెక్కగట్టాడు. రిటైరైన లెక్కల టీచర్ని కదా, ఊరుకోబుద్ధి కాలేదు. పాత పీవీసీ పైపును నిలువునా కోయించి, గోలీ దొర్లిస్తూ ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీశాం. రెండుసార్లు గోలీ పక్కకు దూకింది, నవ్వుకున్నాం. మూడోసారి కుదిరింది, గెలీలియో చెప్పినట్టే: దూరం నాలుగు రెట్లయితే, పట్టిన సమయం దాదాపు రెండింతలే!

మార్కులు మాత్రం స్లైడ్లకే పడ్డాయి. వీడియో ఎవరూ తెరవలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో పిల్లలు సొంతంగా చేసి తీసిన వీడియో ఒక్కటైనా ఉండాలని విద్యాశాఖ నిబంధన పెట్టాలి. ఫోన్ నలుగురికి ఒకటున్నా చాలు.

- ఒక రిటైర్డ్ టీచర్, నర్సంపేట, వరంగల్ జిల్లా